నెత్తురు కనబడని దెబ్బ

కారు బోల్తా పడ్డాక బయటికొచ్చి నిలబడ్డవాళ్లందరూ బాగున్నట్టు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మిగతాది చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోయినా నాకు కోపం లేదు. నేను నిలబడ్డాను, నడిచాను, జీపు ఎక్కాను, దవాఖానలో ఇంకొకరికి తోడుగా బెంచీ మీద కూర్చున్నాను. అప్పటికే నా కడుపులో ఎడమ పక్కన లోపలిది ఒకటి చీలి, నెత్తురు లోపలికే కారుతోంది. ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడానికి సగం కారణం మా పద్ధతులు.

మాది రాజురా తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. పత్తి పండిస్తాం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. ఆయన పోయాక కొడుకు మల్లేశ్, కోడలు సుజాతతో ఉంటున్నాను. సుజాత ఆసిఫాబాద్ వైపు పిల్ల. ఆమె వచ్చాకే, జుట్టు నెరిశాక, నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. కాబట్టి పెద్ద పెద్ద మాటలు నా దగ్గర లేవు.

దీపావళి వెళ్లిన సోమవారం

మా మరిది కొడుకు రాజు ఎవరో వాడిన పాత కారు ఒకటి కొన్నాడు. కోర్పనా వైపు చుట్టాలింట్లో పెళ్లి ఖాయం చేసుకునే వరపూజ ఉంటే అందులోనే పోయాం. పెద్దదాన్నని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. మల్లేశ్ వెనక కూర్చున్నాడు. పత్తి ఏరే కూలీలు ఉన్నారని సుజాత ఇంటి దగ్గరే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు రాజు బండి తీయకుండా నా వైపే చూస్తూ కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుంటేనే కదులుతానన్నాడు.

"ఎద్దుకు పలుపు కట్టినట్టు కడుతున్నవేందిరా" అన్నాను.

"ఎద్దు చెప్తే ఇంటది పెద్దమ్మా. నువ్వు ఇనవు" అన్నాడు. కట్టించుకున్నాను.

ఊరు ఇంకా కొంత దూరం ఉండగా ఎదురుగా వస్తున్న సిమెంటు లారీ వెనక నుంచి ఇంకో లారీ పక్కకు తప్పుకొని మా మీదికే వచ్చింది. రాజు బండిని పక్కకు తిప్పేశాడు. అది రోడ్డు దిగి పత్తి చేనులో పడి ఒక పక్కకు ఒరిగిపోయింది. నాకు గుర్తున్నది ఒక్కటే. బెల్టు నన్ను రెండు ముక్కలు చేస్తున్నట్టు కడుపులోకి దిగింది. తర్వాత దుమ్ము, పెట్రోలు వాసన, మల్లేశ్ "అవ్వా, అవ్వా" అని పిలవడం.

చేనులో ఏరుతున్న ఆడవాళ్లు, దారిన పోయేవాళ్లు వచ్చి మమ్మల్ని లాగారు. రాజు కనుబొమ్మ పైన చర్మం చీలి మొహమంతా నెత్తురు. మల్లేశ్‌కు మోచేయి గీరుకుపోయింది. నాకు పైన గీత కూడా లేదు. "ఆజీకి ఏం కాలేదు, దేవుడున్నడు" అన్నారు అందరూ. మరాఠీలో ముసలమ్మను ఆజీ అంటారు. ఒకామె నా చేతిలో నీళ్ల చెంబు పెట్టింది. తాగాను. దెబ్బ తగిలినవాళ్లకు డాక్టరు చూసేదాకా నీళ్లు, చాయ్ ఇవ్వొద్దని అప్పుడు ఎవరికీ తెలియదు. లారీ నంబరు కూడా ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ రాజు మొహం మీదే, నావి కూడా.

కాలీపీలీ అనే కిరాయి జీపు ఒకటి వస్తే అందులో కూర్చున్నవాళ్లే దిగిపోయి మాకు చోటిచ్చారు. దగ్గరి దవాఖానకు పోయాం. రాజును లోపలికి తీసుకుపోయి కుట్లు వేస్తుంటే నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నా చీర మీద నెత్తురు చూసి ఒక నర్సు పరుగున వచ్చింది. అది నాది కాదని, లోపల ఉన్న పిల్లాడిదని మల్లేశ్ మరాఠీలో చెప్పాడు. ఆమె ఊపిరి పీల్చుకొని పోయింది. మేమూ పీల్చుకున్నాం.

డాక్టరు మంచివాడు. నా ముందు వంగి, "ఆజీ, తుమ్హాలా కుఠే లాగ్లం?" అన్నాడు, ఎక్కడ తగిలిందని. నాకు అర్థమైంది. బజారు మరాఠీ నాకూ వచ్చు. కానీ మా ఇళ్లల్లో డాక్టరుతో, భూమి లెక్కలు రాసే తలాఠీతో, బ్యాంకువాళ్లతో మాట్లాడేది మగపిల్లలు. ఆడమనిషి, అందులోనూ పెద్దది, పక్కన కూర్చుంటుంది. పైగా నొప్పి ఉన్నది కొంగు కింద, పక్కటెముకల కింద. కొడుకు నిలబడి ఉండగా అక్కడ చేయి పెట్టి ఎట్లా చూపిస్తాను? "పక్కల జరంత పట్టేసినట్టున్నది" అని మల్లేశ్‌కు మెల్లగా చెప్పాను. బండి అదురుకు పట్టేసి ఉంటుందని, పొద్దున్నుంచి సరిగా తినలేదని వాడు డాక్టరుకు చెప్పాడు. వాడు అబద్ధమాడలేదు. వాడికి తోచింది చెప్పాడు.

అయినా డాక్టరు వదల్లేదు. కాసేపు ఉంచుతాం, కడుపు చూడాలి అన్నాడు. అప్పుడు నేనే లేచి నిలబడ్డాను. "నాకేమైంది, రాయి లెక్క ఉన్న. వాని సంగతి చూడుండ్రి" అన్నాను. కడుపునొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే తీసుకురమ్మని డాక్టరు మల్లేశ్‌కు గట్టిగా చెప్పాడట. ఆ మాట ఇంటిదాకా రాలేదు. రాజు కుట్లు ఎప్పుడు విప్పాలన్న మాటొక్కటే వచ్చింది.

మంగళవారం, బుధవారం

మా దగ్గర గండం తప్పినవాళ్లు తెల్లారే తలస్నానం చేసి, తడిబట్టలతో పోచమ్మ చుట్టూ తిరిగి కోడిని ఇస్తారు. రాజు కుట్లు తడవకూడదు కాబట్టి వాడి పేరు మీద కూడా నేనే తిరిగాను. నా మొక్కు, వాడి మొక్కు. తిరుగుతుంటే ఎడమ పక్క ఎవరో లోపల నుంచి బొటనవేలితో నొక్కుతున్నట్టు ఉంది. గండం దాటిందని మేం కోడిని కోశాం. గండం దాటలేదు, నా కడుపులోనే కూర్చుని ఉంది.

తర్వాత పలకరించడానికి వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పాలి, చాయ్ పెట్టించాలి. ఎదురింటి ఎల్లవ్వ నా చుట్టూ తిరిగి చూసి, "నీ ఒంట్ల ఇనుమున్నదే అక్కా. కారు సొట్టపడ్డది గాని నువ్వు పడలె" అంది. అందరూ నవ్వారు. నవ్వితే నొప్పి కాబట్టి నేను నవ్వలేదు. గర్వమనుకున్నారు.

మంగళవారం స్నానం చేసేటప్పుడు కడుపు మీద బెల్టు పోయిన దారి కమిలి కనిపించింది. బుధవారానికి అది వంకాయ రంగుకు తిరిగింది. బాలింతకు నడుము కట్టినట్టు పాత చీరతో గట్టిగా కట్టేసుకున్నాను. కడుపులో ఏ తేడా వచ్చినా మేం చేసేది అదే. బిగిస్తే ఆగుతుందని నమ్మకం. నొప్పి ఆగలేదు గానీ కమిలింది కనబడకుండా పోయింది.

ఇంకొకటి జరిగింది. అది అందరూ గుర్తు పెట్టుకోవాలి. ఎడమ భుజం కొసన పోటు మొదలైంది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే తక్కువ. భుజానికి దెబ్బ తగిలింది లేదు. సుజాత నూనె కాచి రుద్దింది. నరం పట్టిందనుకున్నాం. కడుపులో నెత్తురు నిండితే భుజం నొస్తుందని మాకెవరు చెబుతారు? రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది. బుధవారం సాయంత్రం సుజాత నా ముందు కూర్చుని, నా మొహం పాలిపోయిందని, చంద్రపూర్ పోదామని అంది. పత్తి ఏరే రోజుల్లో ఊరికే దవాఖానకు తిరిగేవాళ్లను నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో ఆమెకు తెలుసు. "ఊరికే పోయి సూదులేయించుకోమంటవా" అని కసిరాను. లేచి వెళ్లిపోయింది.

గురువారం

పొద్దున పెరట్లోకి పోదామని లేచాను. రెండడుగులు వేశానో లేదో, వెలుగంతా ఎవరో దుప్పటి కప్పినట్టు పోయింది. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. ఒళ్లంతా చల్లటి చెమట. గొంతు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుంది. మల్లేశ్ చక్కెర నీళ్లు తెమ్మని అరుస్తున్నాడు. సుజాత నీళ్లు తేలేదు. ఊపిరాడుతుందని నడికట్టు విప్పింది. విప్పగానే కింద కమిలిందంతా బయటపడింది.

"అత్తమ్మా, ఇది ఎప్పటిసంది ఉన్నది?"

సోమవారం నుంచని చెప్పాను.

"మరి నేను నిన్న అడిగితే తిట్టిపంపితివి" అంది. ఏడవలేదు. లేచి నా చెప్పులు, దుప్పటి తీసి పెట్టింది. మల్లేశ్‌ను ఫోన్ చేయమంది.

అంబులెన్సు వేరే రోగిని తీసుకుని పోయిందట, రావడానికి సమయం పడుతుందన్నారు. రాజు కబురు వినగానే స్నేహితుడి కారు అడిగి తెచ్చి వాకిట్లో ఆపాడు. నుదుటి మీద పట్టీ అట్లాగే ఉంది. మల్లేశ్ వాడి దగ్గరికి పోయి తాళంచెవి లాక్కున్నాడు. "నువ్వు ముట్టకు. ఒకసారి చూసినం నీ నడుపుడు" అన్నాడు. మల్లేశ్‌కు బండి నడపడం రాదు. ఊళ్లో నడపగలిగినవాళ్లు పత్తి బండ్లతో బజారుకు పోయారు. రాజు తాళం కోసం చాచిన చేయి దించలేదు. నాకు కింద పడుకునే కనబడుతోంది.

"తాళం వానికియ్యి. నువ్వు ఎనక కూసోని నా తల పట్టు" అన్నాను. మల్లేశ్ ఇంకేదో అనబోయాడు. "నేను సచ్చినంక కొట్లాడుకోండ్రి" అన్నాను. ఇచ్చాడు.

దగ్గరి దవాఖానలో చేయి పట్టి చూసి, నరానికి సూది పెట్టి, సెలైను వేలాడదీసి, ఒక్కచోట కూడా ఆగకుండా చంద్రపూర్ పొమ్మన్నారు. సుజాత ఆ సీసాను చేత్తో ఎత్తి పట్టుకుంది. వార్ధా నది వంతెన దగ్గర లారీలు బారుగా నిలబడి ఉన్నాయి. ముందెక్కడో బొగ్గు లారీ ఆగిపోయిందట. బండి కదలదు. నా చేతివేళ్లు నావి కానట్టు ఉన్నాయి. రాజు దిగి ముందుకు పరుగెత్తాడు. వాడు ఒక్కో లారీ తలుపు కొట్టి చేతులు జోడిస్తుంటే సుజాత చూసి నాకు చెబుతోంది. లారీవాళ్లు ఒకరి వెనక ఒకరు బండ్లను పక్కకు జరిపి మాకు దారిచ్చారు. వాళ్ల మొహాలు నేను చూడలేదు. ఈ రాత వాళ్లకు చేరదు. అయినా రాస్తున్నాను.

చంద్రపూర్‌లో కడుపు మీద మిషను పెట్టి చూశారు. డాక్టరమ్మ చిన్న వయసుదే. మేకను కోసినప్పుడు మనం తిల్లి అంటామే, పుస్తకాల్లో ప్లీహం అని రాస్తారట, అది చీలిందని, కడుపునిండా నెత్తురుందని చెప్పింది. సోమవారం కొంచెం చీలి దానంతటదే అంటుకొని, ఇప్పుడు మళ్లీ తెగి ఉంటుందట. రెండు దారులున్నాయంది. నాగపూర్ పెద్ద దవాఖాన, అక్కడ అన్నీ ఉంటాయి, కానీ దారిలో ఏమైనా అయితే ఆపేవాళ్లుండరు. ఇక్కడ ఇప్పుడే కోసి తీసేయొచ్చు, కానీ బతుకుతుందని మాట ఇవ్వలేను. జల్దీ చెప్పండి అంది.

మల్లేశ్ ఫోన్ పట్టుకొని తెర అవతలికి పోయాడు. చుట్టాలందరికీ చేశాడు. చంద్రపూర్ బజారులో దుకాణమున్న మా మేనబావ నాగపూర్ అన్నాడట. కోర్పనావాళ్లు నాగపూర్ అన్నారట. చిన్న ఊళ్లో కోయిస్తే తర్వాత నలుగురూ ఏమంటారని ఎవరో అన్నారట. నేను తెర ఇవతల పడుకొని అంతా వింటున్నాను. ఒక్కో ఫోనూ అవుతుంటే నా చెవుల్లో హోరు పెరుగుతోంది. ఇంకో చుట్టం మిగిలి ఉంటే నేను మిగలనని నాకు తెలిసిపోయింది. ధైర్యంగా ఉన్నానని ఎవరైనా చెబితే నమ్మకండి. పొట్టేలును పట్టుకున్నప్పుడు అది వణుకుతుందే, అట్లా వణికాను.

డాక్టరమ్మ పక్కనుంచి పోతుంటే ఆమె తెల్లకోటు పట్టుకున్నాను. "ఇథేచ్ కరా" అన్నాను. ఇక్కడే చేయండని.

మల్లేశ్ తెర జరిపి లోపలికి వచ్చాడు. "అవ్వా, నువ్వాగు. నేను మాట్లాడుతున్న గద" అన్నాడు.

"సోమారం సంది నువ్వే మాట్లాడుతున్నవ్. ఇగ నేను మాట్లాడుత" అన్నాను. డాక్టరమ్మ వైపు తిరిగి, నాకొచ్చిన మరాఠీలో, "పోట్ మాఝం ఆహే" అన్నాను. కడుపు నాది. ఆమె నా చేయి నొక్కి, మల్లేశ్‌ను అడగకుండానే నర్సును పిలిచింది. వాడు ఫోన్ జేబులో పెట్టుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నన్ను తోసుకుపోతుంటే వాడి మొహం చూశాను. చిన్నప్పుడు సంతలో తప్పిపోయి దొరికిన రోజు అట్లాగే ఉండింది.

ఆ తర్వాతి వారం

బయట కూర్చున్నవాళ్ల సంగతి సుజాత చెబితే తెలిసింది. నెత్తురు కావాలన్నారు. మల్లేశ్ ఇచ్చాడు, చాల్లేదు. రాజు ఇస్తానని పోతే, నీదే బోలెడు పోయిందని వెనక్కి పంపారు. వాడు మెట్ల మీద కూర్చుని తల ఎత్తలేదట. అక్కడ భద్రావతి నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. ఆయన భార్య లోపల వేరే జబ్బుతో ఉంది. మాకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. టిఫిను డబ్బా సుజాత చేతికిచ్చి, "మా ఆమె లేస్తే చెప్పు" అని పోయి నెత్తురిచ్చి వచ్చాడట. నాకు తెలివొచ్చేసరికి వాళ్లు ఇంటికి వెళ్లిపోయారు. పేరు కూడా అడగలేదని సుజాతను తిట్టాను.

వార్డులో అన్నిటికన్నా కష్టం దాహం. నీళ్లు ఇవ్వరు. తడి దూదితో పెదాలు అద్దుతారు. దగ్గొస్తే కుట్లు విచ్చిపోతాయేమోనని దిండు కడుపుకు అదుముకొని దగ్గాలి. కళ్లు మూస్తే లారీ ముందుభాగం వచ్చేది.

లేచి కూర్చోగలిగే సమయానికి బయట ఇంకో గొడవ తయారైంది. మల్లేశ్, రాజు మాట్లాడుకోవడం లేదు. నా తోడికోడలు, రాజు తల్లి, నన్ను చూడటానికి వచ్చి, బెల్టు పెట్టుకోమన్నది మావాడే, దాన్ని కూడా తప్పు పడుతున్నారని ఏడ్చింది. ఆ బెల్టే కడుపు చీల్చిందని మల్లేశ్ ఎక్కడో అన్నాడట. ఇద్దరినీ మంచం దగ్గరికి పిలిపించాను.

"బెల్టు లేకపోతే అద్దంలకెళ్లి బయట పడుదును. అప్పుడు దవాఖాన గూడ ఉండకపోవు" అన్నాను. "తప్పు చేసిన లారీవోడు ఎటో పోయిండు. మీరిద్దరు దొరికిండ్రని మీరు మీరే కొట్టుకుంటున్నరు. పొయ్యి చాయ్ తాగి రాండ్రి, ఒక్కతాన కూసోని."

పోయారు. మాట్లాడుకున్నారో లేదో తెలియదు. వచ్చేటప్పుడు రాజు చేతిలో నాకోసం కొబ్బరిబోండం ఉంది. తాగనివ్వరని వాడికి తెలియదు. మల్లేశే అది తాగి, బాగుందని వాడికి చెప్పాడు.

చలికాలం

ఇంటికొచ్చాక నెమ్మదిగా నడిచాను. మూలుగుతూ మూలుగుతూ తిట్టడం కూడా మొదలుపెట్టానని, అప్పుడు భయం పోయిందని ఎల్లవ్వ అంటుంది. కానీ నా భయం పోలేదు. తిల్లి లేని మనిషికి రోగాన్ని ఆపే బలం తక్కువట. సూదులు వేశారు. ఒళ్లు కొంచెం వెచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దని, వెంటనే రావాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఈసారి ఆ మాట నాతోనే చెప్పింది, నేనే మోసుకొచ్చాను. ఆమె ప్రశ్న అడిగినప్పుడు మల్లేశ్ అలవాటు కొద్దీ నోరు తెరుస్తాడు. నేను చేయి ఎత్తుతాను. మూసుకుంటాడు.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బండి ప్రమాదమైతే నెత్తురు వస్తున్నవాణ్ణి ముందు చూడండి, తప్పులేదు. తర్వాత నెత్తురు రానివాళ్లను కూడా చూపించండి. కడుపుకు కట్లు కట్టకండి. భుజానికి నూనె రుద్దుతూ కూర్చోకండి. మొక్కు ఉంటే పోచమ్మ ఎక్కడికీ పోదు, డాక్టరు పంపాక తీర్చుకోవచ్చు. ఇంట్లో మాట్లాడని మనిషి ఉంటే, ఆ మనిషిని పక్కకు తీసుకుపోయి ఇంకో ఆడమనిషి అడగాలి, ఎక్కడ నొస్తోందని.

మిరుగు దాటాక

మొన్న మృగశిర కార్తె పోయి వానలు మొదలైన రోజుల్లో, పత్తి గింజ పెట్టడానికి అందరూ చేనుకు పోయినప్పుడు, మధ్యాహ్నం నాకు వణుకు వచ్చింది. ఒళ్లు పట్టుకు చూసుకుంటే వెచ్చగా ఉంది. గొంగడి కప్పుకొని పడుకుంటే సాయంత్రానికి పోతుందని మనసు చెబుతోంది. ఎన్నో ఏళ్లు అట్లాగే పోయింది కూడా. మల్లేశ్ ఫోన్ చేనులో పలకదు. గడప మీద కాసేపు నిలబడ్డాను. లోపలికి పోతే పడుకుంటానని నాకు తెలుసు. దాటి ఎదురింటికి పోయి ఎల్లవ్వను లేపాను.

ఇద్దరం రోడ్డు మీదికొచ్చి జీపు ఆపాం. జీపు నిండా జనం. దవాఖానకని చెబితే, ఎవరికి బాగాలేదని డ్రైవరు ఎల్లవ్వను అడిగాడు. "నాకు. జల్దీ పోనీ" అన్నాను.

చంద్రపూర్‌లో నెత్తురు తీసి పరీక్ష చేశారు, సెలైను పెట్టారు, గంటగంటకూ వచ్చి చూశారు. ఎల్లవ్వ చాయ్ తాగుతూ, వచ్చిన ప్రతి నర్సు మొహమూ చూస్తూ బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. మర్నాడు డాక్టరమ్మ వచ్చి, వానాకాలపు జ్వరమేనని, భయం లేదని, ఇంటికి పోవచ్చని చెప్పింది. ఎల్లవ్వకు ఊపిరి వచ్చింది, దాంతోపాటు నోరూ వచ్చింది.

"గింత జరానికి నన్ను చంద్రపూర్ దాక గుంజుకొస్తివి. ఊరికే వచ్చినం గదనే అక్కా" అంది.

"అవ్, ఊరికే వచ్చినం" అన్నాను. "ఊరికే ఇంటికి పోతున్నం. ఇంతకన్న ఏం గావాలె నీకు?"